బ్యాటరీకి గొడుగు పట్టినవాడు

"మా ఆయన మీద ఫిర్యాదు ఇద్దామని వచ్చానండీ," అంది లైబ్రేరియన్, కుర్చీలో పూర్తిగా కూర్చోకముందే. "ఇరవయ్యారేళ్ల కాపురంలో ఆయన ఒక్కసారి కూడా తప్పు చెయ్యలేదు. అలాంటి మనిషితో కాపురం ఎంత కష్టమో మీకు తెలీదు. ఓసారి రైలు అందలేదు. తప్పు రైలుది, టైముకి బయల్దేరినందుకు. ఓసారి గోడకి మేకు కొడితే నీళ్ల పైపు పగిలి హాలంతా చెరువైంది. తప్పు గోడది, లోపల పైపు దాచుకున్నందుకు. ఇప్పుడు కారు పాడైంది. ఈసారి కూడా ఏ గోడ మీదో తోసేస్తే నేనిక్కడికి వచ్చేదాన్నే కాదు. నోరులేని మనిషి మీద తోశారు."

ఎదురుగా కూర్చున్న డిటెక్టివ్‌ని ఆ వీధిలో అందరూ సర్వేయరమ్మ అంటారు. పందొమ్మిదేళ్లపాటు బీమా కంపెనీ తరఫున గుద్దుకున్న కార్లనీ, గుద్దుకున్నాయని చెప్పుకున్న కార్లనీ పరీక్షించి, చివరికి ఇంటి ముందుగదిలో సొంతంగా బల్ల వేసుకుందావిడ. బల్లకి ఆ చివర నోట్‌బుక్కు పట్టుకుని కూర్చున్నది ఆవిడ సహాయకురాలు, స్వయానా ఆడపడుచు. వదిన తెలివి చూసి ఆడపడుచు మురిసిపోవడం అన్నిటికన్నా ముందు దర్యాప్తు చెయ్యవలసిన విషయమే గానీ, ఎనిమిదేళ్లుగా అది నిజం.

"మొదట్నించీ చెప్పండి," అంది సర్వేయరమ్మ.

"శుక్రవారం సాయంత్రం మా అక్కయ్య దగ్గరికి బయల్దేరాను. ఆయనే స్టేషన్లో దింపారు. కారు బ్రహ్మాండంగా ఉంది. శనివారం పొద్దున మెకానిక్ వచ్చి ఆయిలూ, ఎయిర్ ఫిల్టరూ మార్చి వెళ్లాడు. సోమవారం పొద్దున ఆయన అదే కారులో నన్ను తీసుకురావడానికి వచ్చారు. తిరిగి వస్తుంటే దగ్గడం మొదలుపెట్టింది. కుదుపులు. స్టీరింగు ముందు పసుపు లైటు. నాలుగు రోడ్ల మధ్యకి వచ్చి ఆగిపోయింది."

"తర్వాత?"

"పెద్ద షెడ్డుకి లాక్కెళ్లారు. స్పార్క్ ప్లగ్గులుండే గుంటల్లో నీళ్లున్నాయన్నారు. వాటి మీద కూర్చునే కాయిల్స్‌లో రెండు కాలిపోయాయన్నారు. అవి మార్చినా బండి బాగుపడలేదు. ఊరికే నిలబెడితే ఆడుతుంది. కాలు నొక్కితే ఊపిరందనట్టు ఆగిపోతుంది. ఎయిర్ ఫిల్టరు చూసి శుభ్రంగానే ఉందన్నారు. ఇక ఇంజన్ విప్పాల్సిందే అన్నారు. నిన్న తాడు కట్టి తెచ్చి మా పార్కింగులో పడేశారు."

"నీళ్లు ఎలా వచ్చాయంటారు మీ ఆయన?"

"మెకానిక్ పోశాడంటారు. శనివారం ఆలస్యంగా వచ్చాడని ఈయన నాలుగు మాటలన్నారట. ఆ కక్షతో పోశాడట. మూడు బ్లాకుల వాళ్లూ ఉన్న గ్రూపులో ఫొటోతో సహా పెట్టేశారు. ఈయన అసోసియేషన్ సెక్రటరీ కూడాను. ఇవాళ ఐదింటికి మీటింగు. అతని గేటు పాసు రద్దు చేస్తారు."

"రద్దు చేస్తే అతనికేమవుతుంది?"

లైబ్రేరియన్ కుర్చీ అంచుకి జరిగింది. "మా దగ్గర ముప్పైరెండు కార్లున్నాయి. పదకొండేళ్లుగా అతని పని అంతా అదే. కక్షతో బండి పాడుచేశాడని ఇక్కడ ముద్ర పడ్డాక పక్క అపార్టుమెంటు వాళ్లు మాత్రం గేటు తీస్తారా? మా నాన్నకి గుండెనొప్పి వచ్చిన రోజు బండి కదలకపోతే, తింటున్న చెయ్యి కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చిన మనిషండీ. ఒక్కసారి బానెట్ తెరిచి చూస్తానన్నాడు, అంతే. ఈయన ముట్టుకోనివ్వలేదు. తప్పు చేసినవాడు సాక్ష్యాన్ని ముట్టుకోకూడదట."

సర్వేయరమ్మ కళ్లజోడు తీసి చీరకొంగుతో తుడిచింది. వదినకి కోపం వచ్చిందని ఆడపడుచుకి అర్థమైంది. మామూలుగా అయితే ఆ అద్దాలు వారాల తరబడి మసకగానే ఉంటాయి.

"ఆ ఫొటో చూపించండి."

ఫొటో శనివారం పొద్దున పది నలభైకి తీసింది. ప్రతి పనికీ రుజువుండాలని సెక్రటరీగారే తీస్తారట. బానెట్ కింద ఇంజన్ మీద పదేళ్ల దుమ్ము, దాని మీద నూనె జిడ్డు, మూలల్లో ఎండుటాకులు. ఎయిర్ ఫిల్టరు పెట్టె మూత మీద లావుపాటి పసుపు సుద్దతో రాసిన తేదీలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. చివరిది ఆ శనివారానిదే.

"ఈ తేదీలు?"

"మెకానిక్ అలవాటు. పని అయ్యాక మూత మీద తేదీ వేస్తాడు. కాగితాలైతే పోతాయి, మూత ఎక్కడికి పోతుందమ్మా అంటాడు."

"పదండి," అంది సర్వేయరమ్మ, చెప్పులు వెతుక్కుంటూ.

పార్కింగులో స్తంభానికో నోటీసు ఉంది. అన్నిటికన్నా పెద్దది నీళ్ల కుళాయి పైన ఉంది: 'పార్కింగులో నీళ్లతో కార్లు కడుగుట నిషేధం. అతిక్రమించినవారు సర్వసభ్య సమావేశంలో క్షమాపణ చదవవలెను.' కింద సెక్రటరీ సంతకం. కుళాయికి తాళం, ఆ తాళంచెవి సెక్రటరీ నడుముకి వేలాడే గుత్తిలో.

ఆయన యాభై దాటిన మనిషి. చొక్కా ఇస్త్రీ నలగకుండా నిలబడటం ఆయనకి తెలుసు.

"మా ఆవిడ పిలిచిందని మిమ్మల్ని అడ్డుకోవడం లేదు," అన్నాడాయన. "దర్యాప్తు అంటే నాకూ గౌరవమే. కాకపోతే తేల్చడానికి ఇక్కడేం మిగల్లేదు."

"రెండు ముక్కలడిగి వెళ్లిపోతాను. ఆదివారం మీరేం చేశారు?"

"ఇంట్లో ఉన్నాను. నోటీసులు టైపు చేశాను."

"కారు తాళం?"

"హాల్లో మేకుకి. ఇంట్లో నేనూ, మా అమ్మా, అంతే."

"శనివారం తర్వాత బానెట్ మీరు తెరిచారా?"

"నాకేం పని? అది మెకానిక్ పని. వాడు చేసిన పని ఏమిటో చూశారుగా."

సర్వేయరమ్మ బానెట్ ఎత్తింది. చాలాసేపు చూసింది. వేలితో ఇక్కడా అక్కడా రాసి, ఆ వేలిని వాసన చూసింది. ఆడపడుచూ తొంగిచూసి నోట్‌బుక్కులో రాసుకుంది: 'ఇంజన్ తోమిన గిన్నెలా ఉంది. ఆకుల్లేవు, జిడ్డు లేదు. ఫిల్టరు పెట్టె మూత మీద ఒక్క తేదీ కూడా లేదు. నిమ్మకాయ వాసన. దుమ్ము మూడు చోట్లే మిగిలింది: బ్యాటరీ మీద, ఫ్యూజుల పెట్టె మీద, బ్యాటరీకి కరెంటు పంపే ఆల్టర్నేటర్ మీద.'

"వదినా, అంతా కడిగి ఆ మూడూ ఎందుకు వదిలేశారు?" అంది మెల్లగా.

"అదే రాసుకో. కింద రెండు గీతలు పెట్టు."

వాచ్‌మన్ గేటు పుస్తకం తెచ్చి చూపించాడు. మెకానిక్ శనివారం పదీ పదికి లోపలికి, పదకొండూ ఐదుకి బయటికి. మళ్లీ సోమవారం దాకా అతని పేరు లేదు.

"ఆదివారం ఎవరైనా కార్లు కడిగారా?"

"కడిగే ధైర్యం ఎవరికుందమ్మా? పోయిన నెల బీ బ్లాకు నర్సమ్మగారు అద్దం మీద చెంబెడు నీళ్లు పోశారని అందరి ముందూ నిలబెట్టి క్షమాపణ చదివించారు. పాపం, నైట్ డ్యూటీ నించి వచ్చి అలాగే నిలబడి చదివారు." వాచ్‌మన్ అటూ ఇటూ చూశాడు. "ఆదివారం మధ్యాహ్నం నన్ను మూడు బ్లాకుల్లోనూ ప్రతి తలుపు కిందా నోటీసు పెట్టి రమ్మన్నారు సార్. రెండు గంటలు పట్టింది. వచ్చేసరికి ఈ కారు చుట్టూ నేలంతా తడి. ఏంటి సార్ అన్నాను. పైన ట్యాంకు పొంగింది, నువ్వు చూసుకోలేదని నన్నే తిట్టారు."

"ట్యాంకు ఎక్కడుంది?"

"సీ బ్లాకు మీదమ్మా. ఇది ఏ బ్లాకు."

ఆడపడుచు పెన్సిలు ములుకు విరిగింది. అంత గట్టిగా నొక్కింది.

మూడో అంతస్తులో సెక్రటరీగారి తల్లి, ఇంట్లో అందరూ పెద్దావిడ అనే మనిషి, బాల్కనీలో ప్లాస్టిక్ కవర్లు ఆరేస్తోంది. వచ్చిన ప్రతి కవరూ కడిగి, ఆరబెట్టి, సైజుల వారీగా దాచడం ఆవిడ నలభై ఏళ్ల వ్రతం. డిటెక్టివ్ వచ్చిందని తెలియగానే ఆవిడ ముఖం వెలిగింది.

"నా కవర్ల గురించేనా? మంచిపని చేశావమ్మా వచ్చి. ఆదివారం మధ్యాహ్నం పడుకుని లేచేసరికి తీగ మీద నాలుగు క్లిప్పులు ఖాళీ. సాయంత్రానికి మూడు దొరికాయి, వాషింగ్ మెషీన్ వెనక, తడిముద్దగా. గాలికి పోయాయమ్మా అంటాడు వీడు. గాలికి పోయిన కవర్లు ఉండచుట్టుకుని మెషీన్ వెనక దూరతాయా?"

"నాలుగోది?"

"దాని జాడే లేదు. ఆకుపచ్చ గీతల పంచదార కవరు. పల్చగా, మెత్తగా, ఎంత బాగుండేదో. రబ్బరు బ్యాండ్లు కూడా తగ్గాయి. ఇంకో సంగతి. గిన్నెల సబ్బు, నిమ్మకాయ బొమ్మది, గురువారం విప్పిన సీసా. సోమవారానికి అడుగంటింది. ముగ్గురి గిన్నెలకి నాలుగ్రోజుల్లో సీసా అవుతుందా? నేనేమన్నా హోటల్ నడుపుతున్నానా?"

మెట్లు దిగుతూ ఆడపడుచు ఆగింది. "దొరికింది వదినా. ఈవిడే. మురికి చూస్తే ఊరుకోలేని మనిషి. బానెట్ తెరిచి సబ్బేసి తోమేసింది."

"తోమినావిడ సబ్బు పోయిందని మనకెందుకు చెబుతుంది? పైగా ఆవిడకి ఆల్టర్నేటర్ అంటే ఏంటో తెలుసా?"

"నాకే తెలీదు," అంది ఆడపడుచు నిజాయితీగా, ఆ ముక్క కూడా రాసుకుంటూ.

మెకానిక్ గేటు బయట తన పనిముట్ల పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. లోపలికి రానివ్వలేదు. నెరిసిన జుట్టు, గోళ్ల అంచుల్లో ఎన్నేళ్లు కడిగినా పోని నలుపు.

"ఇంజన్ కడగాలంటే మీరెలా కడుగుతారు?" అడిగింది సర్వేయరమ్మ.

"పైపు పెట్టనమ్మా. తడిగుడ్డతో తుడుస్తాను. ఈ బండికైతే మరీ జాగ్రత్త. కాయిల్స్ మీద ప్లాస్టిక్ మూత ఉండాలి, లేదు. చప్పుడు చేస్తోందని రెండేళ్ల కింద సారే పీకించేశారు. పైన నీళ్లు పడితే తిన్నగా ప్లగ్గుల గుంటల్లోకే పోతాయి."

"నిలబెడితే ఆడి, కాలు నొక్కితే ఆగిపోతోందట. ఎందుకంటారు?"

"గాలి అందట్లేదు."

"షెడ్డులో ఫిల్టరు చూశారట. శుభ్రంగా ఉందట."

"ఉండదా మరి, శనివారం నేనేసిందే కదా. ఫిల్టరుకి ముందు గాలి పీల్చే గొట్టం ఉంటుందమ్మా. అది ఊడదీసి చూశారో లేదో."

"ఈ మాట సెక్రటరీగారితో అన్నారా?"

"అందామనే వెళ్లాను. దూరంగా నిలబడి మాట్లాడు అన్నారు." అతను తన చేతుల వైపు చూసుకున్నాడు. "పదకొండేళ్లమ్మా. ఆ బండి చప్పుడు వింటే దానికేమైందో చెప్పగలను. దూరంగా నిలబడమన్నారు."

సర్వేయరమ్మ మళ్లీ కళ్లజోడు తుడిచింది. ఒకే రోజులో రెండుసార్లు. ఆడపడుచు అది కూడా రాసుకుంది.

ఐదింటికి పార్కింగులో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. పాతికమంది దాకా వచ్చారు. ముందు వరసలో పెద్దావిడ, ఆవిడ పక్కన బీ బ్లాకు నర్సు. కారు ఎదురుగానే ఉంది. సెక్రటరీ బల్ల దగ్గర నిలబడి, మినిట్స్ పుస్తకం తెరిచి, "ఎజెండాలో ఒకే అంశం," అన్నాడు.

"ఆ అంశం గురించే నేనూ మాట్లాడతాను," అంది సర్వేయరమ్మ లేచి. "ముందు మెకానిక్‌గారిని లోపలికి పిలవండి. ఒక మనిషి మీద నింద వేసేటప్పుడు అతన్ని గేటు బయట కూర్చోబెట్టడం నాకు తెలిసిన ఏ పద్ధతిలోనూ లేదు."

వాచ్‌మన్ సెక్రటరీ వైపు చూడకుండానే వెళ్లి గేటు తీశాడు.

"మీ అందరి ఫోన్లలో ఒక ఫొటో ఉంది," అంది సర్వేయరమ్మ. "సెక్రటరీగారు సాక్ష్యంగా పంపింది. తెరిచి చూడండి. శనివారం పది నలభైకి ఇంజన్ నిండా దుమ్ము, మూత మీద పసుపు తేదీలు, ఆ రోజుది కూడా. ఇప్పుడొచ్చి ఈ ఇంజన్ చూడండి. దుమ్ము లేదు, తేదీల్లేవు. అంటే తేదీ వేసిన తర్వాత ఎవరో సబ్బుతో కడిగారు. అతను పదకొండూ ఐదుకి గేటు దాటాడు, సోమవారం దాకా మళ్లీ రాలేదు. ఆ పాతిక నిమిషాల్లో ఇంత జిడ్డు వదిలించి, మూలలు కూడా తోమి వెళ్లాడని ఎవరైనా అంటారా?"

"గేటు పుస్తకం రాసేది వాచ్‌మనేగా," అన్నాడు సెక్రటరీ. "వాళ్లూ వాళ్లూ ఒకటి."

"సరే, పుస్తకం పక్కన పెడదాం. ఇంజన్నే అడుగుదాం. అంతా మెరుస్తోంది. బ్యాటరీ, ఫ్యూజుల పెట్టె, ఆల్టర్నేటర్, ఈ మూడింటి మీదా మాత్రం ఫొటోలో ఉన్న దుమ్మే ఉంది. ఎందుకంటే కడిగేముందు వాటికి కవర్లు కట్టారు. కక్షతో నీళ్లు పోసేవాడు బ్యాటరీకి గొడుగు పట్టడు. కాబట్టి ఇది పగ కాదు, ప్రేమ. పాడుచెయ్యాలని కాదు, మెరిపించాలని చేసిన పని."

కుర్చీల్లో చిన్న నవ్వు పుట్టి ఆగింది.

"మరి పని తెలిసినవాడు చేశాడా? కాదు. తెలిసినవాడైతే మొదట కాయిల్స్ కప్పేవాడు. ఈ కారుకి వాటి మీద మూత లేదని మెకానిక్‌గారికి బాగా తెలుసు. కడిగినాయన ఏ వీడియోలోనో చూసి నేర్చుకున్నారు. ఆ వీడియోలో కారుకి మూత ఉండి ఉంటుంది. అందుకని ఆ సంగతి వాళ్లు చెప్పలేదు, ఈయనకి తట్టలేదు. నీళ్లు గుంటల్లో నిలిచాయి. మర్నాడు అలాగే నడిపారు. కాయిల్స్ కాలాయి."

"ఈయన అంటే ఎవరు?" అంది నర్సు. ఆవిడకి తెలియక అడగలేదు.

"కుళాయి తాళంచెవి ఎవరి దగ్గరుంది? కారు తాళం ఎవరింట్లో ఉంది? ఆదివారం మధ్యాహ్నం వాచ్‌మన్‌ని రెండు గంటలు పైకి పంపిందెవరు? సీ బ్లాకు ట్యాంకు పొంగి ఏ బ్లాకు నేల తడిసిందని అతన్ని తిట్టిందెవరు?"

సెక్రటరీ మినిట్స్ పుస్తకం మూసి మళ్లీ తెరిచాడు. "ఇవన్నీ ఊహలు. నీళ్లే కారణమైతే కాయిల్స్ మార్చాక బండి ఎందుకు నడవట్లేదు? చెప్పండి. వాడు లోపల ఇంకేదో చేశాడు."

"మంచి ప్రశ్న," అంది సర్వేయరమ్మ. "పెద్దమ్మా, ఆదివారం మీ కవర్లు ఎన్ని పోయాయి?"

"నాలుగు. మూడొచ్చాయి," అంది పెద్దావిడ వెంటనే. ఆ లెక్క అడిగేవాళ్ల కోసం ఆవిడ నాలుగు రోజులుగా ఎదురుచూస్తోంది.

"బ్యాటరీకొకటి, ఫ్యూజులకొకటి, ఆల్టర్నేటర్‌కొకటి. నాలుగోది దేనికి కట్టి ఉంటారు? మెకానిక్‌గారూ, కడిగేటప్పుడు నీళ్లు పోకూడని చోటు ఇంకేముంది?"

అతను ఆలోచించలేదు. "గాలి గొట్టం మూతి. హెడ్‌లైటు వెనక ఉంటుంది. కనపడదు. కట్టినవాళ్లు మర్చిపోతారు."

"ఊడదీసి చూపిస్తారా?"

అతను సెక్రటరీ వైపు చూశాడు. ఆ చూపు చూసి లైబ్రేరియన్ లేచి నిలబడింది. "ఆయన్ని అడగక్కర్లేదు. కారు నా పేరు మీదుంది. తియ్యండి."

మెకానిక్ చేతులు తుడుచుకున్నాడు. రెండు క్లిప్పులు విప్పి గొట్టం బయటికి లాగాడు. రెండువేళ్లు లోపలికి పెట్టి, తడిమి, మెల్లగా లాగాడు. నలిగి, ఒక పక్క చిరిగిన ప్లాస్టిక్ కవరు బయటికి వచ్చింది. దాని మూతికి ఇంకా రబ్బరు బ్యాండు ఉంది. ఆకుపచ్చ గీతలు స్పష్టంగా కనపడుతున్నాయి.

"అదే," అంది పెద్దావిడ. "చింపేశావురా."

ఎవరూ నవ్వలేదు. మెకానిక్ గొట్టం బిగించి, తాళం తిప్పాడు. ఇంజన్ అందుకుంది. కాలు నొక్కాడు. దగ్గలేదు, ఆగలేదు, గొంతు ఎత్తి పాడింది. అతను ఒక క్షణం విని ఆపేశాడు.

ఆడపడుచు, "వదినా," అంది పొంగిపోతూ. సర్వేయరమ్మ కళ్లతోనే ఊరుకోమంది. ఇంకా అయిపోలేదు.

"కడిగారు, పాడైంది. అది పొరపాటు. ఎవరికైనా జరుగుతుంది," అందావిడ, గొంతు పెంచకుండా. "సోమవారం నీళ్లున్నాయని షెడ్డువాళ్లు చెప్పగానే మీకు సంగతి తెలుసు. తెలిసే గ్రూపులో అతని పేరు రాశారు. ఈ నోటీసు మీరే పెట్టారు గనక, చెంబెడు నీళ్లకి ఒక మనిషితో క్షమాపణ చదివించారు గనక, మీరు పైపు పట్టుకున్నారని తెలియకూడదు. దానికోసం ఒకరి బతుకు అడ్డం పెట్టారు. అది పొరపాటు కాదు."

సెక్రటరీ చొక్కా కాలరు సర్దుకున్నాడు. "ఆ వీడియోలో కాయిల్స్ సంగతి ఎక్కడా చెప్పలేదు. చెప్పాల్సిన బాధ్యత వాళ్లది. అయినా ఆ ప్లాస్టిక్ మూత తీసేటప్పుడు ఇతను నన్ను గట్టిగా వారించి ఉంటే..."

"గోడకి కూడా ఇలాగే చెప్పారు," అంది లైబ్రేరియన్. "గోడ ఊరుకుంది. నేనూరుకోను. ఇవాళ మీరు ఒప్పుకోకపోతే ఈ మెకానిక్ వెనకాలే నేనూ గేటు దాటతాను."

నర్సు మినిట్స్ పుస్తకం వైపు వేలు చూపించింది. "ఏం రాస్తారు సెక్రటరీగారూ? నా క్షమాపణ పదకొండు లైన్లు రాశారు. దీనికెన్ని?"

ఆయన పెన్ను తీశాడు. కాగితం మీద పెట్టాడు. పెన్ను కదల్లేదు.

"రాయొద్దు సార్," అన్నాడు మెకానిక్. అప్పటిదాకా అతను ఒక్క నిష్ఠూరం కూడా ఆడలేదు. "రాస్తే పుస్తకంలో ఉంటుంది, ఎవరూ చదవరు. నన్ను అందరి ముందూ అన్నారు. అందరి ముందూ చెప్పండి, చాలు."

పాతికమంది చూస్తున్నారు. పెద్దావిడ చిరిగిన కవరు ఒళ్లో పెట్టుకుని కొడుకు ముఖమే చూస్తోంది. ఆయన పెన్ను మూత పెట్టాడు. బల్ల వెనక నించి ఇవతలికి వచ్చాడు. పదకొండేళ్లలో ఆ మనిషిని ఎన్నడూ 'గారు' అని పిలవని నోరు తెరుచుకోవడానికి కొంచెం సమయం పట్టింది.

"మెకానిక్‌గారూ," అన్నాడు. కాలరు వదులు చేసుకున్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "ఇంజన్ కడిగింది నేను. మీ మీద చెప్పింది అబద్ధం. తప్పు నాది."

"వెనక వాళ్లకి వినపడలేదు," అంది లైబ్రేరియన్.

ఆయన కుర్చీల వైపు తిరిగాడు.

"తప్పు నాది," అన్నాడు, చివరి వరసకి వినపడేలా.